పళ్లెంలో కూర, పక్కన మాత్రల డబ్బా

షుగరు వచ్చిన పెద్దమనిషికి మన ఇళ్లలో మొదట అందేది నిషేధాల జాబితా. భూమిలో పండేవి వద్దు. బీట్‌రూట్ జోలికి పోవద్దు. క్యారెట్ తియ్యగా ఉంటుంది కాబట్టి అదీ వద్దు. కాకరకాయ ఎంత తిన్నా మంచిదే. పరగడుపున సొరకాయ రసం తాగితే మాత్రలే అక్కర్లేదు. చెప్పేవాళ్లలో పక్కింటివాళ్లు ఉంటారు, పెళ్లిలో తారసపడ్డ దూరపు బావగారు ఉంటారు, ఈమధ్య యూట్యూబూ చేరింది. ఎవరు చెప్పినా ఈ జాబితాలన్నీ తిరిగేది ఒకే ప్రశ్న చుట్టూ: ఏ కూరగాయ షుగరు పెంచుతుంది? డెబ్బై ఏళ్ల మనిషికి ఆ ప్రశ్న చాలదు. ఆ వయసులో కూరగాయ వల్ల ప్రమాదం వచ్చిందంటే దానిలోని తీపి కారణం కావడం అరుదు. ఆ మనిషి ఏ మాత్ర వేసుకుంటున్నాడు, కిడ్నీలు ఎలా ఉన్నాయి, పళ్లున్నాయా, కడుపు అరిగించుకోగలదా, ఆ కూరను ఉడికించి తిన్నాడా, పచ్చిగా నమిలాడా, రసం తీసి తాగాడా? మంచిచెడ్డలు తేల్చేవి ఇవి.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది అని అంచనా కట్టింది. వీరిలో చాలామంది పదిహేను, ఇరవయ్యేళ్లుగా షుగరుతోనే పెద్దవాళ్లవుతున్నారు. నలభై అయిదేళ్ల వయసులో ఇచ్చిన డైట్ కాగితం డెబ్బై అయిదులోనూ ఫ్రిజ్ తలుపు మీద అలాగే ఉంటుంది. ఈలోగా మనిషి బరువు తగ్గింది, కండ కరిగింది, మాత్రలు ఒకటి నుంచి ఏడయ్యాయి. కాగితంలో మాత్రం అక్షరం మారలేదు.

ముందు క్యారెట్ మీది నింద సంగతి. 1981లో టొరంటోలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం ఆహార పదార్థాలకు గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలత తెచ్చింది. ఒక పదార్థంలోని పిండిపదార్థం రక్తంలో చక్కెరను ఎంత పైకి తీసుకెళ్తుందో గ్లూకోజుతో పోల్చి అంకె వేయడం వాళ్ల పద్ధతి. గ్లూకోజుకు 100. ఆ తొలి పట్టికలో క్యారెట్‌కు 92 పడింది. తర్వాత వేరేవాళ్లు కొలిచి చూస్తే ఆ అంకె సగానికి దిగింది. అంకె దిగినా నింద దిగలేదు. పైగా ఈ పరీక్షలో మామూలుగా 50 గ్రాముల పిండిపదార్థం వచ్చేటంత తినిపిస్తారు. క్యారెట్‌లో అది 100 గ్రాములకు 7 గ్రాముల చుట్టూనే ఉంటుంది. అంటే దాదాపు ముప్పావు కిలో క్యారెట్ ఒక్కసారే కూర్చుని తింటే వచ్చే లెక్క అది. సాంబారులో తేలే నాలుగు ముక్కలకు ఆ శిక్ష వేయడం అన్యాయం.

భూమిలో పండేవన్నీ వద్దన్న సూత్రం కూడా నిలవదు. ముల్లంగి, ఉల్లిపాయ, క్యారెట్ భూమిలోవే, వాటిలో పిండి తక్కువ. చెట్టు మీద గెలలో వేలాడే పచ్చి అరటికాయలో పిండి దండిగా ఉంటుంది. చూడాల్సింది పిండి ఎంత ఉందన్నదే. బంగాళాదుంప, చేమదుంప, కంద, చిలగడదుంప 100 గ్రాములకు ఇంచుమించు 15 నుంచి 20 గ్రాముల పిండిపదార్థం ఇస్తాయి, కర్రపెండలం ఇంకా ఎక్కువ. బీర, సొర, పొట్ల, దోస, వంకాయ, క్యాబేజీ, ఆకుకూరలు అయిదారు గ్రాములు దాటవు. కాబట్టి మొదటి గుంపును కూరల లెక్కలో కాక అన్నం లెక్కలో వేసుకుంటే గొడవ చాలావరకు తీరుతుంది. గోదావరి జిల్లాల కంద-బచ్చలి కూర షుగరు ఉన్నవాళ్లకు నిషేధమేమీ కాదు. అది వండిన రోజు అన్నం రెండు ముద్దలు తగ్గాలి, అంతే. చేమదుంపల వేపుడూ, పప్పూ, దాని వెనక నిండు పళ్లెం అన్నమూ తిని, తప్పంతా చేమదుంప మీద వేయడం మనకు అలవాటు.

అసలు చిక్కు మన భోజనం తీరులో ఉంది. మనకు కూర అంటే అన్నంలోకి నంజు. 2025లో వచ్చిన ఇండియాబ్ ఆహార సర్వే భారతీయుల శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేల్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీలు తినే మనిషి పళ్లెంలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలంది. పెద్దవయసులో 2000 కేలరీల అవసరం చాలామందికి ఉండదు కానీ కూరగాయల వాటా మారదు. 400 గ్రాములంటే మధ్యాహ్నం రెండు గరిటెల కూరతో తీరే మాట కాదు, రెండు పూటలా పెద్ద కప్పు నిండా కావాలి. ఇందులో వేపుడు ఒక పెద్ద మాయ. అర కిలో దొండకాయలు బాణలిలో పడి గంటసేపు వేగితే మిగిలేది గుప్పెడు, అందులోకి చేరిన నూనె మాత్రం నాలుగైదు చెంచాలు. ఇగురుగానో, కొంచెం నీళ్లు చల్లి మూత పెట్టి మగ్గబెట్టిన కూరగానో, ఆవపెట్టిన కూరగానో చేస్తే అదే దొండకాయ కడుపు నింపుతుంది. ఆవకాయ, ఊరమిరపకాయలు, వరుగులు కూరగాయల నుంచే వచ్చినా పళ్లెంలో వాటి పాత్ర ఉప్పుది. రోజుకు 5 గ్రాముల ఉప్పు హద్దు వాటితోనే దాటిపోతుంది.

తినే వరుస గురించి ఒక చిన్న, మంచి ప్రయోగం ఉంది. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో మెట్‌ఫార్మిన్ వాడుతున్న పదకొండు మందికి ఒకే భోజనాన్ని రెండు వరుసల్లో పెట్టి చూశారు. ముందు కూరలు, మాంసకృత్తులు తిని పావుగంట ఆగి పిండిపదార్థం తిన్న రోజున గంట తర్వాతి షుగరు, రెండో వరుసతో పోలిస్తే 37 శాతం తక్కువగా ఉంది. పదకొండు మంది ఎక్కువ సంఖ్య కాదు, అయినా ఈ పద్ధతికి ఖర్చు లేదు. పెద్దవాళ్ల విషయంలో మాత్రం నాకొక సందేహం. ఆకలి అసలే మందగించిన మనిషి ముందు కప్పు నిండా దోసకాయ ముక్కలు తింటే పప్పుకీ, గుడ్డుకీ, పెరుగుకీ చోటు మిగలదు. అరవై దాటాక కండ కరిగిపోకుండా ఉండాలంటే కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము పైగా మాంసకృత్తులు కావాలని వృద్ధుల పోషణ నిపుణులు అంటున్నారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఆ లెక్క వేరు, అది డాక్టరు చెప్పాలి. అందుకని వరుసలో కూరతో పాటు పప్పూ ముందే రావాలి. పప్పుకూర, తోటకూర పప్పు, దోసకాయ పప్పు ఈ పనిని ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నాయి.

ఇక మాత్రల డబ్బా తెరుద్దాం. కూరలు ఎక్కువ తిని అన్నం తగ్గించిన పెద్దమనిషికి వచ్చే మొదటి ప్రమాదం షుగరు పడిపోవడం. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ సూదిమందు మనం ఏం తిన్నామో చూసుకోవు, వాటి పని అవి చేసుకుపోతాయి. రెండు కప్పుల అన్నానికి సరిపడేలా రాసిన మోతాదు అలాగే ఉంచి, ఎవరో చెప్పారని రాత్రికి ఒట్టి సొరకాయ కూర, మజ్జిగతో సరిపెడితే తెల్లవారుజామున ఆ మనిషి మగతగా, పొంతన లేకుండా మాట్లాడుతూ కనిపించవచ్చు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనో, మతిమరుపనో అనుకుంటారు. గుండెకో బీపీకో బీటా బ్లాకర్లు వాడేవాళ్లలో వణుకు, గుండెదడ బయటపడవు, చెమట మాత్రం పడుతుంది. ఆ చల్లచెమట ఒక్కటే కొన్నిసార్లు మిగిలే గుర్తు. అలాంటప్పుడు కూర, పప్పు, పాలు పనికిరావు, 15 గ్రాముల గ్లూకోజు కావాలి. పావుగంటకు మళ్లీ కొలవాలి. మింగలేనంత మగతలో ఉంటే నోట్లో ఏదీ పోయకూడదు, ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇక్కడ చాలా ఇళ్లలో తెలియని మెలిక ఒకటుంది. మన దగ్గర మూడు మందులు కలిపిన మాత్రల్లో వోగ్లిబోజ్ తరచు కనిపిస్తుంది. అది పేగులో చక్కెరను విరగ్గొట్టే ఎంజైమును ఆపుతుంది. అది వేసుకునే మనిషికి షుగరు పడిపోతే పంచదార నీళ్లు, బెల్లం ముక్క ఆలస్యంగా పనిచేస్తాయి. మందుల షాపులో దొరికే గ్లూకోజు పొడే ఇవ్వాలి. అకార్బోజ్‌కూ ఇదే వర్తిస్తుంది. అట్ట మీద పేరు ఒకసారి చదివి, గ్లూకోజు పొట్లం కూరల బుట్ట పక్కనే ఉంచుకోవడం మంచిది.

కొన్నేళ్ల కిందట తెలుగునాట అన్నం పూర్తిగా మానేసే డైట్లు ఊరూరా ఊపు ఊపాయి. వాటితో కొందరి షుగరు నిజంగానే దిగింది, కాదనలేం. కానీ ఇప్పుడు డాపాగ్లిఫ్లోజిన్ తరహా మందులు చాలామంది వాడుతున్నారు. 2020లో పేటెంటు ముగిశాక చవకగా దొరకడం మొదలైంది. ఆ మందు మీద ఉండి పిండిపదార్థాన్ని దాదాపు సున్నా చేస్తే రక్తంలో కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు, అదీ షుగరు పెద్దగా పెరగకుండానే. వాంతులు, ఆయాసం వస్తుంటే గ్లూకోమీటరు అంకె చూసి నిశ్చింతగా ఉండిపోతారు. ఆహారం పెద్దగా మార్చే ముందు మాత్రలు రాసిన డాక్టరుకు చెప్పడం లాంఛనం కాదు. ఇంకో మాట కూడా అడగాలి: ఈ వయసుకు ఎంత షుగరు చాలు? అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు మూడు నెలల సగటు 7 నుంచి 7.5 శాతం లోపు, అనేక జబ్బులున్నవారికి 8 లోపు చాలంటోంది. ఆ సడలింపు తెలియక డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి 6.2 కోసం ఎండిపోవడం నాకు బాధగా తోస్తుంది.

రసాల సంగతి మరింత విడమరిచి చెప్పాలి, ఎందుకంటే కూరగాయ మనిషిని చంపిన ఉదాహరణ ఇక్కడే ఉంది. 2010లో ఢిల్లీలో మధుమేహం ఉన్న ఒక శాస్త్రవేత్త, ఆయన భార్య సొరకాయ రసంలో కాకరకాయ రసం కలుపుకుని తాగారు. వాంతులు, విరేచనాలతో ఆస్పత్రిలో చేరారు. ఆమె బతికారు, ఆయన చనిపోయారు. సొర, దోస, బీర కుటుంబంలోని కాయల్లో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఉంటాయి. సాగులో ఉన్న రకాల్లో ఇవి నామమాత్రం. ఎప్పుడైనా ఒక కాయలో విపరీతంగా పెరిగితే అది విషమే, విరుగుడు మందు లేదు. మామూలుగా నాలుక ఆ కాయను పట్టేస్తుంది. కాకర రసం కలిపినప్పుడు ఆ చేదు ఈ చేదులో కలిసిపోయి నాలుక మోసపోతుంది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల కమిటీ చేదు సొరకాయ రసం తాగవద్దనీ, తీసే ముందు ముక్క రుచి చూడాలనీ, ఇతర రసాలతో కలపవద్దనీ చెప్పింది. సొరకాయ, దోసకాయ తొడిమ దగ్గర ముక్క కోసి నాలుకకు తాకించి చూడటం మన ఆడవాళ్లు ఎప్పుడూ చేసే పనే. మిక్సీ వచ్చాక ఆ అలవాటు మాయమైంది. చేదు తగిలిన కాయను ఉడికించినా నమ్మకూడదు, పారేయాలి.

కాకరకాయ షుగరు తగ్గిస్తుందా? 2012లో కోక్రేన్ సమీక్ష అప్పటిదాకా జరిగిన నాలుగు పరీక్షలను పరిశీలించి, సరిపడా రుజువు లేదంది. కూరగా తింటే మంచి కూర, సందేహం లేదు. చిక్కటి రసంగా రోజూ తాగితే, అసలే బలమైన మాత్రలు వేసుకునేవాళ్లలో షుగరు పడిపోయే అవకాశం మీద మరో బరువు మోపినట్టే. దొండకాయ మీద బెంగళూరులో 2008లో వెలువడిన ఒక పరీక్ష ఉంది. దొండ ఆకు, కాయల సారాన్ని గ్రాము చొప్పున తొంభై రోజులు ఇస్తే పరగడుపు షుగరు 16 శాతం తగ్గింది. అది సారం, వేపుడు కాదు. మెంతుల మీద మన హైదరాబాదు పోషకాహార సంస్థలోనే 1990 ప్రాంతంలో పరిశోధన జరిగింది, ఫలితాలు బాగున్నాయి. ఆ ప్రయోగాల్లో వాడింది రోజుకు 100 గ్రాముల దాకా కొవ్వు తీసిన మెంతిపిండి. మనం రాత్రి నానబెట్టే చెంచాడు మెంతులకు ఆ ఫలితం అంటగట్టడం అతి. అన్నట్టు, 1976లో జెన్‌కిన్స్ బృందమే భోజనంలో కలిపి షుగరు ఉధృతిని తగ్గించిన గ్వార్ బంక మన గోరుచిక్కుడు గింజల నుంచి తీసేదే. అది ముదురు గింజల్లోని సరుకు, మనం వండేది లేత కాయ. ఈ పరిశోధనలన్నీ నిజమే, మన వంటగదిలోకి వచ్చేసరికి మోతాదు జారిపోతుంది.

పాలకూర రసానికి ఇంకో లెక్క. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ. అర కట్ట పప్పులో వేసుకుంటే ఏమీ కాదు. రెండు కట్టలు మిక్సీలో వేసి రోజూ తాగితే ఆ ఆక్సలేట్లు కిడ్నీలో స్ఫటికాలుగా పేరుకుని కిడ్నీని హఠాత్తుగా దెబ్బతీసిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కేరళలో బిలింబి కాయల రసం తాగినవారిలోనూ ఇదే జరిగింది. కూర నమిలి తినేటప్పుడు దవడే మోతాదును అదుపు చేస్తుంది, గ్లాసుకు ఆ అదుపు లేదు.

కిడ్నీ మాట వచ్చింది కాబట్టి పొటాషియం దగ్గర ఆగాలి. ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే అనుకుంటాను. ఎందుకంటే షుగరు జాబితా, కిడ్నీ జాబితా ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. షుగరుకు మంచివని రోజూ తినమనే తోటకూర, పాలకూర, మునగాకు, టమాటాల్లో పొటాషియం బాగా ఉంటుంది. పాలకూరలో 100 గ్రాములకు 500 మిల్లీగ్రాములు దాటుతుంది, సొరకాయలో 150 చుట్టూ. ఆరోగ్యమైన కిడ్నీ ఎక్కువైనదాన్ని బయటికి తోసేస్తుంది. దెబ్బతిన్న కిడ్నీ తోయలేదు. రక్తంలో పొటాషియం 5.5 దాటి పైకి పోతే గుండె లయ తప్పవచ్చు. దీనికి తోడు షుగరు, బీపీ కలిసి ఉన్నవాళ్లకు కిడ్నీని కాపాడటానికే రాసే టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ పొటాషియంను కొంత పెంచుతాయి. గుండెకు రాసే స్పైరోనోలాక్టోన్ ఇంకా పెంచుతుంది. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ కిడ్నీనీ కుంగదీస్తుంది, పొటాషియంనూ పెంచుతుంది. బీపీకి మంచిదని ఎవరో కొనిచ్చిన తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు వేసేది పొటాషియం క్లోరైడే. ఇవన్నీ ఒకే ఇంట్లో, ఒకే మనిషి దగ్గర చేరడం అరుదేమీ కాదు. అప్పుడు ప్రమాదం తోటకూరతో మొదలవలేదు, తోటకూర దగ్గర బయటపడింది.

అందుకని భయపడి ఆకుకూరలు మానేయాలా? వద్దు. కిడ్నీ వైద్యుల ఆలోచన కూడా ఈమధ్య మారింది. రక్తంలో పొటాషియం నిజంగా పెరిగిందని తెలియకముందే కూరగాయలన్నీ కత్తిరించడం సరికాదని, మనిషిని బట్టి తేల్చాలని 2024లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ధోరణి. క్రియాటినిన్ ఒక్కటే చూసి నిశ్చింతపడకూడదు. కండ తగ్గిన సన్నటి ముసలివారిలో అది మామూలుగానే కనిపిస్తుంది. ఈజీఎఫ్ఆర్ అనే లెక్క, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో పొటాషియం మూడూ చూస్తేనే కూరల మీద హద్దు వేయాలో లేదో తెలుస్తుంది. హద్దు పడితే బీర, సొర, పొట్ల, దోస, క్యాబేజీ చేతికి రావాలి.

దుంపలు తినక తప్పని రోజున ఉడికించే పద్ధతి పనికొస్తుంది. 2008లో అమెరికాలో బంగాళాదుంపల మీద కొలిచి చూశారు. ముక్కలు కోసి ఉడికిస్తే పొటాషియం సగం పోయింది, తురిమి ఉడికిస్తే ముప్పాతిక పోయింది. రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టడం వల్ల మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. మన వంటలో ఇక్కడే ఒక చిక్కు. పులుసు, పప్పుచారు, సాంబారు అన్నీ ఉడికిన నీళ్లను దాచుకునే వంటలే. వాటిలో చింతపండు, టమాటా ఇంకా పొటాషియం చేరుస్తాయి. కిడ్నీ నియమం పడ్డవాళ్లు ముక్కలు తీసుకుని రసం వదిలేయడమో, ఆ వంటలనే వారానికి ఒకట్రెండుకు తగ్గించడమో చేయాలి. నీళ్లతో పాటు సి విటమిన్, ఫోలేటు కొంత పోతాయి, కాబట్టి కిడ్నీలు బాగున్నవాళ్లు ఈ పని చేయనక్కర్లేదు.

వార్ఫరిన్, అసినోకూమరాల్ లాంటి రక్తం పలుచన మందులు వాడేవాళ్లకు ఆకుకూరల మీద ఇంకో నిషేధం విధిస్తారు. ఆకుల్లోని కె విటమిన్ ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది కాబట్టి. మానేయడం అవసరం లేదు, ఎత్తుపల్లాలే కూడదు. వారమంతా ముట్టకుండా ఆదివారం గోంగూర పండగ చేసుకుంటే రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్ పరీక్ష తలకిందులవుతుంది. రోజూ కొద్దికొద్దిగా ఒకే తీరున తింటే డాక్టరు మోతాదును దానికి తగ్గట్టు సర్దుతారు.

పళ్లు, కడుపు సంగతి డైట్ కాగితాల్లో కనిపించదు. సలాడ్ తినమని రాసేవారు నోట్లో ఎన్ని పళ్లున్నాయో అడగరు. కట్టుడు పళ్లతో పచ్చి క్యారెట్, ముల్లంగి నమలడం కష్టం. సగం నమిలి మింగితే గొంతుకు అడ్డం పడే భయం ఉంది. తురిమి పెరుగులో వేసిన పెరుగు పచ్చడి, మెత్తగా ఉడికించిన ముక్క పళ్లకూ గొంతుకూ న్యాయం చేస్తాయి. దీర్ఘకాలం షుగరు ఉన్న కొందరిలో కడుపును నడిపే నరాలు దెబ్బతిని ఆహారం గంటల తరబడి అక్కడే నిలిచిపోతుంది. రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, తిన్న ఎంతోసేపటికి వాంతి కావడం, ఇన్సులిన్ వేసుకున్నాక ముందు షుగరు పడి ఆ తర్వాత ఎగబాకడం దీని గుర్తులు. ఇలాంటివారికి పీచు ఎక్కువున్న పచ్చి కూరలు, తొక్కలు, మునగకాయ పిప్పి, అరటిదూట హానిచేస్తాయి. కడుపులో పీచు ఉండకట్టి అడ్డుపడిన సందర్భాలూ ఉన్నాయి. 2014లో స్వీడన్‌లో జరిగిన పరీక్షలో ఆహారాన్ని మెత్తటి చిన్న రేణువులుగా చేసి పెడితే వీళ్లకు ఉపశమనం కలిగింది. తొక్క, గింజ తీసి మెదిపిన సొరకాయ, బూడిదగుమ్మడి, పప్పులో కలిసిపోయిన ఆకు సరిపోతాయి. షుగరుకు పీచు మంచిదన్న మాట ఈ ఒక్క చోట తిరగబడుతుంది.

పచ్చివి తినేవాళ్లకు శుభ్రత సంగతి ఇంకా ముఖ్యం. వయసుతో కొందరిలో కడుపులో ఆమ్లం తగ్గుతుంది, చాలామంది రోజూ పొద్దున్నే పాంటోప్రజోల్ వేసుకుని ఉన్నదాన్నీ తగ్గిస్తారు. సూక్ష్మజీవులను కాల్చే మొదటి కాపలా అదే. 2011లో జర్మనీలో మెంతి మొలకల నుంచి వచ్చిన ఈ.కోలి బాక్టీరియా యాభై మందికి పైగా ప్రాణాలు తీసింది. మొలకలు పెరిగే వెచ్చటి తడి బాక్టీరియాకూ అంతే అనుకూలం. పెద్దవాళ్లు మొలకలు తినదలిస్తే ఆవిరి మీద ఉడికించాలి. హైదరాబాదు దిగువన మూసీ నీటితో ఆకుకూరలు పండించే పొలాలున్నాయని నగరంలో అందరికీ తెలుసు. ఏ కట్ట ఎక్కడిదో బజారులో తెలియదు కాబట్టి ఆకుకూర పచ్చిగా తినకపోవడమే సుఖం. కడగడం కోయకముందే చేయాలి. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి ఆకులు జాడించి, నీళ్లు ఒంపేయకుండా ఆకులనే పైకి తీయాలి, మట్టి అడుగున ఉండిపోతుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా అలా రెండు మూడుసార్లు. సబ్బు, డిటర్జెంటు వాడకూడదు. 2017లో అమెరికాలో ఆపిల్ పళ్ల మీద చేసిన పరీక్షలో వంటసోడా కలిపిన నీళ్లలో పావుగంట నానబెడితే పై పురుగుమందు బాగా పోయింది. లోపలికి ఇంకినది ఏ నీళ్లకూ పోదు. తొక్క తీయగలిగినవాటికి తొక్క తీయడమే మేలు.

కత్తిపీట మీద ఒక మాట. పాదాల్లో స్పర్శ తగ్గిన షుగరు మనిషి కింద కూర్చుని పీటను కాలితో తొక్కిపట్టి కూర కోస్తే, గాయం అయినా తెలియకపోవచ్చు. బల్ల మీద చాకుతో కోయడం మంచిది.

కూరగాయలు ఇవ్వలేనిది కూడా ఒకటుంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గుతుంది, కూరగాయల్లో అది లేదు. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం. కాళ్ల మంటలు, తిమ్మిర్లు షుగరు వల్లనే అనుకుని వదిలేసినవాళ్లలో కొందరికి అసలు లోపం ఇదే. ఏడాదికోసారి పరీక్ష అడిగి చేయించుకోవచ్చు.

చివరికి ఈ కూర వండేదెవరు? పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటే, విజయవాడలో మిగిలిన ఇద్దరు పెద్దవాళ్లకు మధ్యాహ్నం భోజనం వీధి చివర కర్రీ పాయింట్ నుంచే వస్తుంది. దాన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. డెబ్బై ఏళ్ల చేతులకు అదో ఆసరా. అక్కడి కూరలో నూనె, ఉప్పు ఎక్కువ, కూర తక్కువ, అంతే ఇబ్బంది. వేపుళ్ల బదులు పప్పుకూరలు, ఇగుర్లు అడిగి తీసుకోవచ్చు. ఇంట్లో ఒక సొరకాయో రెండు బీరకాయలో ముక్కలు చేసి, ఉప్పు వేయకుండా కుక్కర్లో ఒక విజిల్ రానిచ్చి, తెచ్చిన కూరలో సగం తీసుకుని అందులో కలిపేస్తే ఉప్పు, నూనె సగమవుతాయి, కూర రెట్టింపవుతుంది. మిగిలిన సగం ఫ్రిజ్‌లో పెడితే రాత్రికి మళ్లీ ఇలాగే పనికొస్తుంది. అన్నం తగ్గించిన రోజు మాత్రల మోతాదు గురించి ముందే అడిగి ఉంచుకోవాలి.